అన్నా, కొత్త గేమింగ్ పీసీ పిచ్చి పట్టుకుంది, రాత్రుళ్ళు నిద్ర లేదు

ప్రశ్న: అన్నా, మాది కొత్తగూడెం. వయసు 27, ఇంటి నుంచే ఉద్యోగం. 2015లో నాన్న కొనిచ్చిన సిస్టమే ఇప్పటికీ వాడుతున్నా. ఐ5 4460, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, 2018లో సెకండ్ హ్యాండ్‌లో వేసిన 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు. మానిటర్ అప్పటి 18.5 ఇంచులదే. ఎక్కువగా ఆడేది వాలరెంట్ (ఆన్‌లైన్ షూటింగ్ గేమ్), జీటీఏ 5. సైబర్‌పంక్ గేమ్ పెడితే లో సెట్టింగ్స్‌లో కూడా దగ్గుతూ నడుస్తుంది. లక్షా 15 వేలు దాచుకున్నా. నాలుగు నెలల్నుంచి పార్ట్స్ లిస్టు రాసుకుంటున్నా, అది పెరిగి పెరిగి లక్షా 80 వేలైంది (ఉత్తరంతో పాటు విడిగా పంపా చూడండి), మిగతాది ఈఎంఐ పెడదామని. జీటీఏ 6 వస్తోంది కదా, దానికి రెడీగా ఉండాలి. రోజూ రాత్రి రెండింటి దాకా రివ్యూలు చూస్తున్నా, కళ్ళు మూసుకుంటే కేబినెట్‌లో లైట్లే కనిపిస్తున్నాయి. నాన్న సింగరేణిలో చేసి రిటైరయ్యారు, "లక్షన్నర పెట్టి ఆటబొమ్మా" అంటున్నారు. 1996 వరల్డ్ కప్‌కి ఆయన కలర్ టీవీ కొన్నప్పుడు ఎవరూ అడగలేదట మరి! ర్యామ్ రేట్లు పెరిగాయంటున్నారు, ఆగాలా కొనాలా? పాతది అమ్మేయనా, డిగ్రీ చదివే చెల్లికి ఇచ్చేయనా? అమ్మేమో మంచిరోజు చూసి కొనమంటోంది.

సమాధానం:

తమ్ముడూ, ముందు ఇది చెప్పు, నీ లిస్టులో మానిటర్ ఏది?

పదకొండు లైన్లు రాశావ్. ప్రాసెసర్ రైజెన్ 7 7800ఎక్స్‌3డీ ఉంది, గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 5070 ఉంది, 32 జీబీ డీడీఆర్5 ర్యామ్, 360 ఎంఎం లిక్విడ్ కూలర్, ఏడు ఆర్‌జీబీ (రంగు లైట్ల) ఫ్యాన్లు, తెల్ల కేబినెట్, ఆఖరికి కేబుళ్ళకి తెల్ల స్లీవులు కూడా రాశావ్, మానిటర్ లేదు. అది మాత్రం ఉత్తరంలో ఓ మూల "అప్పటిదే" అని పడేసి వెళ్ళిపోయావ్. 18.5 ఇంచుల పాతది అంటే 1366 బై 768, 60 హెర్ట్జ్ (అంటే సెకనుకి 60 ఫ్రేములు, 60 బొమ్మలు), నేనూ వాడాను కాబట్టి కళ్ళు మూసుకుని చెప్తా. ఆ స్క్రీన్ మీద చుక్కలు మొత్తం లెక్కేస్తే పదిన్నర లక్షలు. ఫుల్ హెచ్‌డీ అయితే 20 లక్షల 73 వేలు, దాని పై మెట్టు 1440పీ అయితే 36 లక్షల 86 వేలు. 5070 లాంటి కార్డు దిగేది ఆ మూడో లెక్క కోసం. నువ్వు దాన్ని తీసుకెళ్ళి పదిన్నర లక్షల చుక్కల ముందు కూర్చోబెడతానంటున్నావ్. పైగా వాలరెంట్‌లో ఆ సెటప్ సెకనుకి వందల ఫ్రేములు తీస్తుంది, నీ మానిటర్ అందులో 60 మాత్రమే చూపించగలదు, మిగతావి అన్నీ కరెంటు బిల్లుకే. ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడినట్టుంది నీ పని.

తిట్టడానికి చెప్పట్లేదురా, ఇది చాలామంది చేసేదే, నేనూ చేశా. కొత్త కార్డు వేసి ఏడాదిన్నర పాత మానిటర్ మీదే ఆడి, ఏంటిది, అందరూ అంత చెప్తారు నాకేం తేడా తెలియట్లేదు అనుకునేవాణ్ణి. తర్వాత ఓ 144 హెర్ట్జ్ మానిటర్ తెచ్చి పెట్టా. గేమ్ ఓపెన్ చెయ్యలేదు ఇంకా, డెస్క్‌టాప్ మీద మౌస్ కదిపా అంతే. బాణం గుర్తు నీళ్ళ మీద జారినట్టు వెళ్ళింది. ఓ ఫోల్డర్ తెరిచి దాన్ని పట్టుకుని అటు లాగి ఇటు లాగి, గుండ్రంగా తిప్పి, పది నిమిషాలు అదే పని, మా ఆవిడ వెనకనుంచి చూసి ఏమైందండీ హ్యాంగ్ అయ్యిందా అని అడిగింది. 60 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేము దాదాపు 16.7 మిల్లీ సెకన్లు నిలబడుతుంది, 144లో 6.9. లెక్కలో చూస్తే ఏముంది అనిపిస్తుంది, చేతికి మాత్రం వెంటనే తెలిసిపోతుంది. వాలరెంట్‌లో మూల తిరిగి వచ్చేవాడు ఇప్పటిదాకా నీకు రెండు ముక్కలుగా కనపడుతున్నాడు, ఇకమీదట నడుచుకుంటూ కనపడతాడు.

కొన్నాక ఇంకో తిరకాసు. విండోస్ చాలాసార్లు 144 మానిటర్‌ని కూడా 60లోనే పెట్టేసి ఊరుకుంటుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే అని ఉంటుంది, అక్కడికెళ్ళి నువ్వే మార్చుకోవాలి. మా ఫ్రెండొకడు మూడు నెలలు 60లోనే ఆడి, 144 వచ్చాక నా ఏమ్ (గురి) బాగుపడింది అని పార్టీ కూడా ఇచ్చాడు. నేను చూసి చెప్పేసరికి వాడి మొహం చూడాలి.

సరే, జీటీఏ 6. ఇక్కడ నిన్ను కొంచెం బాధపెట్టాలి. ఆ గేమ్ ముందు 2025 చివర్లో అన్నారు, తర్వాత 2026 మే 26 అన్నారు, ఆ తర్వాత 2026 నవంబర్ 19కి జరిపారు, ఆ తేదీ కూడా పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్ళ (టీవీకి తగిలించి ఆడే డబ్బాల) వాళ్ళకే. పీసీకి తేదీయే చెప్పలేదు. ఆ గేమ్ చేసే రాక్‌స్టార్ వాళ్ళ అలవాటు నీకు తెలియంది కాదు. జీటీఏ 5 కన్సోళ్ళకి 2013 సెప్టెంబర్‌లో వచ్చింది, పీసీకి వచ్చింది 2015 ఏప్రిల్‌లో, ఏడాదిన్నర పైనే. వాళ్ళదే ఇంకో గేమ్ రెడ్ డెడ్ 2 కన్సోల్‌లో 2018 అక్టోబర్, పీసీలో 2019 నవంబర్. అంటే పీసీ వాళ్ళం ఎప్పుడూ రెండో పంక్తిలోనే భోజనానికి కూర్చునేది. ఆ పంక్తి ఎప్పుడు వేస్తారో తెలియనిదానికి ఇవాళే 65 వేలు అప్పు చేసి విస్తరాకు కొనుక్కోవడం ఎందుకు చెప్పు? అది వచ్చేనాటికి ఇదే డబ్బుకి ఇంకా మంచి కార్డులుంటాయి, అప్పుడు కార్డొక్కటి మార్చుకుంటావ్.

ఎప్పుడు ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే, రాబోయే గేమ్ కోసం కొనకు, నువ్వు ఆడుతున్న గేమ్ కోసం కొను. కొత్త సిస్టమ్ ఆనందం అసలు ఎక్కడ తెలుస్తుందంటే, నీకు గోడగోడా తెలిసిన గేమ్‌లో తెలుస్తుంది. కొత్త గేమ్ అయితే అది అలాగే ఉంటుందేమో అనుకుంటావ్, పోల్చడానికి ఏమీ ఉండదు. నువ్వు పదేళ్ళుగా తిరిగిన జీటీఏ 5 ఊరు లాస్ శాంటోస్‌లో, రోజూ వెళ్ళే ఆ సందులో, వాన పడ్డాక రోడ్డు మీద సైన్ బోర్డు వెలుగు మెరిస్తే, అప్పుడు కదా అబ్బా అంటావ్. జీటీఏ 5కి పీసీలో 2025 మార్చి 4న ఎన్‌హాన్స్‌డ్ వెర్షన్ ఇచ్చారు, రే ట్రేసింగ్‌తో (వెలుగు, నీడలు నిజంలా చూపించే పద్ధతి) సహా, ఇంతకుముందు పీసీలో కొన్నవాళ్ళకి ఫ్రీ. నువ్వు నీ పాత డబ్బాలో దాని జోలికి పోయుండవు. అది డౌన్‌లోడ్ చేసిపెట్టుకో, మొదటి రాత్రికి అది చాలు.

సైబర్‌పంక్ దగ్గడానికి కూడా పాపం నీ 1050 టీఐ ఒక్కటే కారణం కాదు. ఆ కార్డు 2016ది, 4 జీబీ మెమరీ, 75 వాట్లలో అంత పని చేయడమే గొప్ప. కానీ ఆ గేమ్ 2023లో వచ్చిన 2.0 అప్‌డేట్ నుంచి ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్ళెం లేకుండా చిప్పుల మీద దాచే వేగమైన డిస్కు) కనీస అవసరం అని రాసేసింది. నువ్వు హార్డ్ డిస్క్ మీద నడుపుతున్నావ్. నీలాంటి పాత హార్డ్ డిస్క్ సెకనుకి 150 ఎంబీ అటూ ఇటూగా చదువుతుంది, మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ (కేబుల్‌తో తగిలించేది) 550, బోర్డుకే గుచ్చే ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ అయితే మూడు నుంచి ఏడు వేలు, ఆ పైన కూడా. నువ్వు బండెక్కి వీధి తిరిగేసరికి వీధి ఇంకా డిస్కు మీంచి లేచి రావట్లేదన్నమాట.

ఇప్పుడు ఆ తెల్ల కేబినెట్ సంగతి. నీ లిస్టులో నాకు బాగా నవ్వొచ్చింది దీనికే. తమ్ముడూ నువ్వుండేది కొత్తగూడెం. పొద్దున ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి ఏ రంగులో ఉంటుందో నాకంటే మీ అమ్మగారికి బాగా తెలుసు. ఆ బొగ్గు దుమ్ము ఊళ్ళో, ముందువైపు మొత్తం గాజు ఉన్న తెల్ల కేబినెట్‌లో ఏడు ఫ్యాన్లు పెడితే అది ఫ్యాన్లున్న డబ్బా అవ్వదు, వ్యాక్యూమ్ క్లీనర్ అవుతుంది. నల్లది తీసుకో, ముందు జాలీ ఉండాలి, జాలీ వెనక ఊడదీసి కడుక్కునే డస్ట్ ఫిల్టర్ ఉండాలి, ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి, చాలు. రెండు నెలలకోసారి బయట అరుగు మీద పెట్టి బ్లోయర్ కొట్టు, కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క వేలితో ఆపి పట్టుకో, ఊరికే గిరగిరా తిరగనివ్వకు.

ఎండ సంగతి కూడా ఉంది. మీ ఊళ్ళో మే నెల ఎలా ఉంటుందో వేరే చెప్పాలా, 45 దాటిన రోజులుంటాయి. రివ్యూలు చేసేవాళ్ళు ఏసీ గదిలో 22 డిగ్రీల్లో కూర్చుని ప్రాసెసర్ 65 డిగ్రీలుంది అంటారు. నీ గది 38 ఉంటే ఆ పదహారూ దానికి కలుపుకో. లిక్విడ్ కూలర్ అయినా గది గాలి కంటే చల్లగా చెయ్యలేదు, అదేమీ ఫ్రిజ్ కాదు, నీళ్ళతో వేడిని పక్కకి మోసుకెళ్ళి ఫ్యాన్ దగ్గర దించుతుంది, అంతే. మోటారు పాడైతే మొత్తం మార్చాలి. నీకు నేను చెప్పబోయే ప్రాసెసర్‌కి రెండు వేల రూపాయల మామూలు టవర్ ఎయిర్ కూలర్ హాయిగా సరిపోతుంది, దాంట్లో పాడయ్యేది ఒక్క ఫ్యానే. నిజానికి నువ్వు రాసుకున్న 7800ఎక్స్‌3డీకి కూడా మంచి ఎయిర్ కూలర్ సరిపోయేది.

నా లిస్టు రాస్తా, పేరా లాగానే చదువుకో. ప్రాసెసర్ రైజెన్ 5 7600, ఆరు కోర్లు, 65 వాట్లు. దానికి బీ650 మదర్‌బోర్డు, ప్రాసెసర్ కూర్చునే ఈ సాకెట్‌కి 2027 దాకా, ఆ తర్వాత కూడా సపోర్ట్ ఇస్తామని ఏఎమ్‌డీ వాళ్ళే చెప్పారు కాబట్టి రేపు ప్రాసెసర్ ఒక్కటే పీకి పెద్దది పెట్టుకోవచ్చు. కార్డు ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ గానీ ఆర్‌టీఎక్స్ 5060 టీఐ గానీ, ఏదైనా 16 జీబీ మెమరీ ఉన్నదే తీసుకో, ఈ రెండూ 8 జీబీలో కూడా దొరుకుతాయి, డబ్బా మీద పేరు ఒకటే ఉంటుంది, షాపులో తొందరలో అంకె చూడకుండా తెచ్చుకుని ఏడ్చినవాళ్ళున్నారు. ఒక టీబీ ఎన్‌వీఎంఈ. 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే డబ్బా), 80 ప్లస్ బ్రాంజ్ రేటింగ్ కనీసం, మంచి కంపెనీది. మానిటర్ 24 ఇంచులు, ఫుల్ హెచ్‌డీ, ఐపీఎస్ ప్యానెల్, 144 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఏదైనా, పదీ పన్నెండు వేలల్లో పని అయిపోతుంది. ఈ వారం రేటు వచ్చే వారం ఉండట్లేదు కాబట్టి రూపాయల లెక్క రాయను, నీ లక్షా 15 వేలల్లో అటూ ఇటూగా పట్టాలి. పట్టకపోతే కార్డు ఒక మెట్టు దించు. మానిటర్, ఎస్‌ఎంపీఎస్ జోలికి మాత్రం వెళ్ళకు.

ఎస్‌ఎంపీఎస్ మీద ఇంత ఎందుకంటున్నానంటే ఒకప్పుడు ఒక షాపాయన కేబినెట్‌తో పాటు ఫ్రీ అని నాకు ఒకటి ఇచ్చాడు, స్టిక్కర్ మీద 500 వాట్స్ అని పెద్దక్షరాలు, చేత్తో పట్టుకుంటే అరకిలో బరువు లేదు. ఓ ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది, టప్‌మని శబ్దం, కాలిన వాసన, పోతూ పోతూ మదర్‌బోర్డుని కూడా తోడు తీసుకెళ్ళింది. అందుకే ఖర్చు కోయాలంటే లైట్ల ఫ్యాన్లలో కొయ్. ఇంకోటి, ఇంట్లో ఎర్తింగ్ చూపించుకో. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే కేబినెట్‌కి చెయ్యి తగిలితే జివ్వుమంటుంది, అదేదో మామూలే అని చెప్పులేసుకుని వాడేస్తుంటారు మనవాళ్ళు, ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే పోయేదానికి. యూపీఎస్ కూడా పాత 600 వీఏది ఉందేమో, అది సుమారు 360 వాట్లే ఇస్తుంది, ఆట మధ్యలో కరెంటు పోతే అది కుయ్యోమని తను కూడా పడుకుంటుంది. 1100 వీఏ దగ్గర్లో చూసుకో.

ర్యామ్ గురించి అడిగావ్. అవును, 2025 చివర్నుంచి రేట్లు మండిపోతున్నాయి, ఏఐ డేటా సెంటర్లకి మెమరీ చిప్పులన్నీ వెళ్ళిపోతున్నాయి, మనలాంటోళ్ళకి క్రూషియల్ పేరుతో ర్యాములమ్మే మైక్రాన్ ఆ వ్యాపారమే ఆపేస్తామని 2025 డిసెంబర్‌లో చెప్పేసింది. ఎప్పుడు తగ్గుతాయి అని కూర్చుంటే నీ నాలుగు నెలలు పద్నాలుగు అవుతాయి. నువ్వు ఆడేవాటికి 16 జీబీ చాలు, 32 అని పట్టుబట్టకు. 8 జీబీవి రెండు తీసుకుంటే డ్యూయల్ చానల్‌లో (రెండూ కలిసి పనిచేసి) వేగం ఇప్పుడే వస్తుంది, కానీ తర్వాత పెంచుకోవాలంటే ఇబ్బంది, డీడీఆర్5లో నాలుగు ర్యామ్ కర్రలు పెడితే స్పీడు తగ్గించుకుంటుంది. 16ది ఒక్కటే తీసుకుంటే ఇప్పుడు కొన్ని ఫ్రేములు పోతాయి, రేట్లు దిగాక ఇంకోటి పక్కన పెట్టుకోవచ్చు. నేనైతే ఒక్కటే తీసుకుని ఆగుతా. ఇది నా పద్ధతి, దీని మీద నాతో గొడవపడేవాళ్ళు చాలామంది ఉన్నారు, పడనీ.

ఈఎంఐ వద్దు. నో కాస్ట్ అని రాస్తారు గానీ, వడ్డీ అంత డిస్కౌంట్‌గా చూపించి, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు నీ దగ్గరే పట్టుకుంటారు, పైగా క్యాష్‌కి షాపువాడు తగ్గించేది నీకు రాదు. అసలు సంగతి అది కూడా కాదులే, ఆట ఆడుతుంటే ఐదో తారీఖు గుర్తొస్తే ఆ ఆట ఆటలా ఉండదు.

నాన్నగారి విషయానికొద్దాం. ఆయనకి ఆఫీసు పనికి అని అబద్ధం చెప్పకు, రేటు తగ్గించి చెప్పకు. గనిలో షిఫ్టులు చేసి వచ్చిన మనిషి, లక్ష రూపాయలంటే ఆయనకి ఎన్ని రోజుల చెమటో ఆ లెక్కలో కనపడుతుంది, అందులో తప్పేముంది. కానీ 1996లో టీవీ డబ్బా విప్పినరోజు ఆయన కూడా నీలాగే రాత్రి నిద్రపోయుండరు. అది ఎత్తిపొడుపుగా అనకు సుమా, మామూలుగా అడుగు, నాన్నా ఆ టీవీ ఎక్కడ కొన్నారు, ఎలా తెచ్చారు, యాంటెన్నా ఎవరు ఎక్కించారు అని. వాళ్ళు చెప్పడం మొదలుపెడితే ఓ గంట పడుతుంది. ఆ గంటయ్యాక నీ కొత్త లిస్టు చూపించి, లక్షా ఎనభై అనుకున్నా, నా దగ్గరున్న దాంట్లోనే సర్దుకుంటున్నా, అప్పు లేదు అను. మా ఇంట్లో కూడా చివరికి గెలిపించింది ఆ అప్పు లేదు అన్న ముక్కే.

పాతది చెల్లికి ఇచ్చెయ్. అమ్మితే ఏమొస్తుంది, వచ్చిన నాలుగు రాళ్ళు ఫ్యాన్లకి పెడతావ్. కాకపోతే అలాగే ఇవ్వకు. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11కి ఇంటెల్‌లో 8వ తరం నుంచే ఒప్పుకుంటారు, నీది 4వ తరం. మైక్రోసాఫ్ట్ పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్లకి నమోదు చేసుకున్నా అది 2026 అక్టోబర్ 13 వరకే. కాబట్టి చిన్న సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి వేసి విండోస్ బదులు లినక్స్ మింట్ (ఫ్రీ ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించు, బ్రౌజర్, క్లాసులు, టైపింగ్ అన్నీ అయిపోతాయి, ఆ డబ్బా ఇంత ఫాస్టా అని చెల్లే ఆశ్చర్యపోతుంది. ఆ 1 టీబీ డిస్క్ ముందుగా బ్యాకప్ తీసుకో, పదకొండేళ్ళ డిస్క్ అది, దాంట్లో మీ ఇంటి ఫోటోలన్నీ ఉండే ఉంటాయి.

కొనడానికి, నీకు వీలైతే సికింద్రాబాద్ రా. రాత్రి రైలెక్కితే పొద్దున్నే దిగుతావ్, పార్క్‌లేన్‌లో సీటీసీ, అదే చెనాయ్ ట్రేడ్ సెంటర్, షాపులు తెరిచేదాకా ప్యారడైజ్ చుట్టుపక్కల ఇడ్లీ తిని కూర్చో. ఆన్‌లైన్ రేటు స్క్రీన్‌షాట్ తీసుకుని రా, నాలుగు షాపులు అడుగు, ప్రతి పార్టుకీ జీఎస్టీ బిల్లు, బిల్లు మీద సీరియల్ నంబర్ ఉండాలి. అక్కడే బిగించి ఇస్తామంటారు. వద్దను. బిగించడం నువ్వే చేసుకోవాలి. నాలుగు నెలలు నిద్ర మానుకున్నది దీనికే కదా, ఆ ఆనందం ఇంకొకడి చేతికి ఎందుకిస్తావ్? ఆ రోజు ఒక స్టీలు గిన్నెలో మరలన్నీ వేసి పక్కన నాన్నగారిని కూర్చోబెట్టు, అడిగినప్పుడు మర అందించమను. మెషీన్లు చూసిన మనిషి, పదినిమిషాల్లో ఆయనే స్క్రూడ్రైవర్ లాక్కుంటారు, రాసిపెట్టుకో.

ముందు రోజే స్టీమ్ (గేములు అమ్మే యాప్) గేములు పాత సిస్టమ్‌లో డౌన్‌లోడ్ చేసుంచు, ఎందుకంటే 100 జీబీ గేమ్ 40 ఎంబీపీఎస్ నెట్ మీద ఐదున్నర గంటలు తింటుంది, కొత్త పీసీ ముందు కూర్చుని పర్సంటేజీ చూడటమంత నరకం ఇంకోటి లేదు. రెండు సిస్టమ్‌లూ ఒకే రౌటర్‌కి ఉంటే స్టీమ్ తనే పాతదాంట్లోంచి కాపీ చేసుకుంటుంది. ర్యామ్ ఒక్కటే అయితే ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటులో పెట్టు, బోర్డు పుస్తకంలో బొమ్మ ఉంటుంది. కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర ఉంటే పీకెయ్, మర్చిపోయి బిగించినవాళ్ళు లెక్కలేనంతమంది. మానిటర్ కేబుల్ కింద కార్డుకే గుచ్చు, పైన బోర్డుకి కాదు, ఈ 7600లో చిన్న గ్రాఫిక్స్ ఎలాగూ ఉంది కాబట్టి తప్పు గుచ్చినా బొమ్మ వస్తుంది, గేమ్ మాత్రం నీ పాతదానికంటే హీనంగా నడుస్తుంది, అప్పుడు నాకు ఇంకో ఉత్తరం రాస్తావ్. బయోస్‌లోకెళ్ళి (బోర్డు సొంత సెట్టింగ్స్) ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని పూర్తి స్పీడులో నడిపేది) ఆన్ చెయ్, లేకపోతే 6000 స్పీడు ర్యామ్ 4800లోనే నడుస్తుంది. అక్కడే సెక్యూర్ బూట్, టీపీఎమ్ అనే సెక్యూరిటీ సెట్టింగ్స్ ఆన్‌లో ఉన్నాయో లేదో చూడు, విండోస్ 11లో వాలరెంట్ అవి లేకుండా తెరుచుకోదు.

అమ్మగారి మంచిరోజుకి నేను అడ్డు చెప్పను, బొట్టు కేబినెట్ పైన పెట్టించు, కుంకుమ ఆ జాలీ మీద పడనీయకు.

మొదటిసారి బటన్ నొక్కగానే బొమ్మ రాకపోతే కంగారుపడకు, ఈ బోర్డులు మొదటిసారి ర్యామ్‌ని పరిచయం చేసుకుంటాయి, కొన్ని నిమిషాలు నల్ల స్క్రీనే ఉంటుంది, ఫ్యాన్లు తిరుగుతుంటే టీ తాగిరా. ఫ్యాన్లు కూడా తిరగట్లేదా? నా మొదటి సిస్టమ్‌కి అలాగే అయ్యింది. రాత్రి పదకొండున్నర, బోర్డు పోయిందనుకున్నా, అన్ని కేబుళ్ళూ పీకి మళ్ళీ గుచ్చా, రెండుసార్లు, చేతులు వణుకుతున్నాయి, ఫ్రెండ్‌కి ఫోన్ చేసి దాదాపు ఏడుపు గొంతుతో చెప్తున్నా, వాడు నిద్రమత్తులో ఒకటే అడిగాడు. నువ్వు ఫోన్ తీసేముందు అదే చూసుకో, ఎస్‌ఎంపీఎస్ వెనకాల చిన్న నల్ల స్విచ్ ఉంటుంది, అది వేశావా అని.